లేని మెట్లు

బంతి వలలో పడింది. పసుప్పచ్చ చొక్కాలు తొడుక్కుని కూర్చున్న ఆ బ్లాకంతా ఒక్కసారిగా లేచింది. గొంతులు బొంగురుపోయేలా అరిచారు, జెండాలు ఊపారు, పక్కవాళ్ళ మెడల మీద పడ్డారు. పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగారు. అంతలోనే ఎవరో నీళ్ళు చిలకరించినట్టు ఆ పొంగు చల్లారిపోయింది. అంత పెద్ద స్టేడియంలో పసుప్పచ్చ చొక్కా వేసుకుని సంతోషంగా ఉన్నది తామొక్కళ్ళమేనని మెల్లగా తెలిసొచ్చింది.

అవతలి పక్క కూర్చున్న అసలు సిసలు పసుపు దేశంవాళ్ళు, అంటే సొంత డబ్బుతో విమానమెక్కి వచ్చినవాళ్ళు, తలలు పట్టుకుని ఉన్నారు. కొందరు తలలు వదిలిపెట్టి ఇటు తిరిగి చూస్తున్నారు. మైదానంలో పసుపువాళ్ళ గోల్‌కీపర్ గడ్డి మీద బోర్లా పడి ఉన్నాడు. గోల్ కొట్టింది అతని జట్టు కాదు, తిన్నది అతని జట్టు. అతనూ తలెత్తి ఇటే చూశాడు. కింద పడ్డప్పుడు తన ఇంట్లోవాళ్ళే చప్పట్లు కొడితే మనిషి ఎలా చూస్తాడో అలా చూశాడు.

"కూర్చోండే," అంది కెప్టెన్, పెదవులు కదపకుండా. తనే ముందు కూర్చుంది. వెనక వరసలన్నీ టపటపా కూలబడ్డాయి.

కెప్టెన్ అంటే ఆట ఆడే కెప్టెన్ కాదు. ఆమె ఆ స్టేడియంలో కుర్చీలు తుడిచి, మెట్లు కడిగే మనిషి. తెల్లవారకముందు నుంచీ అదే పని. ఆ బ్లాకులో కూర్చున్న ఆడవాళ్ళందరిదీ అదే పని. పసుప్పచ్చ చొక్కాల కింద నీలం యూనిఫాం అలాగే ఉంది, దానికింద చెమట. అక్కడ టిక్కెట్టు ధర ఆమె నెల జీతం కంటే ఎక్కువ. అందుకే ఎవరూ కొనలేదు. కొనకపోయినా బాధ లేదు గానీ, టీవీ కెమెరా సరిగ్గా ఆ బ్లాకుకే ఎదురుగా ఉంది. ప్రపంచానికి ఖాళీ కుర్చీలు కనబడితే పరువు పోతుంది. పరువు తక్కువ ఖర్చులో నిలబెట్టే ఉపాయం కాంట్రాక్టరుకు తట్టింది. చీపుళ్ళు ఓ మూల పెట్టించి, ఆ రోజు ఏ దేశం ఆడితే ఆ దేశం చొక్కాలు పంచేవాడు. ఆట అయ్యాక చొక్కాలు ఉతికి తిరిగివ్వాలి. దీనికి కూలి ఒక బన్ను, ఒక జ్యూసు పొట్లం.

వీళ్ళని నడిపించే సూపర్‌వైజరు మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుండేది. ఒక ఈల వేస్తే లేవాలి, రెండు వేస్తే చప్పట్లు, పొడుగ్గా వేస్తే కూర్చోవాలి. ఇంట్లో కుక్కరు ఈలకి పరిగెత్తి అలవాటైన ప్రాణాలు గనక ఆడవాళ్ళు ఈ విద్య తొందరగానే నేర్చుకున్నారు. అయినా జనం గోలలో వెనక వరసలకి ఈల వినబడదు. అందుకని ఈల సారు అందరిలోకీ పొడుగ్గా ఉన్న మనిషిని ఏరి ముందు వరసలో మధ్యన కూర్చోబెట్టాడు.

"మిగతావాళ్ళంతా ఈవిడ్ని చూడండి. ఈవిడ లేస్తే లేవాలి, కూర్చుంటే కూర్చోవాలి. సొంత తెలివి వద్దు," అన్నాడు.

ఆ రోజు నుంచీ ఆమె పేరు కెప్టెన్ అయింది. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాలేదు.

ఆట అయ్యాక స్టాండు కింద ఉన్న నడవలో అందరినీ నిలబెట్టి ఈల సారు మొదలుపెట్టాడు. "లోకమంతా నవ్వుతోంది. ఓడిపోతుంటే డాన్సులు చేసిన అభిమానులని ఎప్పుడైనా చూశారా? మీకు కళ్ళున్నాయా అసలు?"

"ఎడమ పక్క వలలో పడితే అరవమన్నారు కదా సార్," అంది మైకు. ఆ పిల్లది చిన్న శరీరం, పెద్ద గొంతు. గుసగుసగా చెప్పినా పై అంతస్తు దాకా వినబడుతుంది, పేరు అలా వచ్చింది.

"ఎడమంటే మొదటి సగంలో ఎడమ. సగం అయ్యాక జట్లు పక్కలు మారతాయి."

"ఆ ముక్క ఇప్పుడు చెబుతున్నారు. మాకు మాత్రం మధ్యాహ్నం నుంచి ఎడమ చెయ్యి కుడి చెయ్యి అవుతుందా సార్?"

నవ్వితే జ్యూసు పొట్లం పోతుందని అందరూ నేల చూశారు. కునుకు పిన్ని మాత్రం పక్కనున్న కెప్టెన్ మోచేతిని తట్టింది. ఆవిడ పెద్దవయసుది. కళ్ళు సగం తెరిచి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని నిద్రపోగలదు. టోర్నమెంటు మొదలైన దగ్గర్నుంచీ ఒక్క ఆటా చూడలేదు, కెమెరాలో మాత్రం అందరికంటే శ్రద్ధగా కనబడేది.

"ఏమ్మా, మనం గెలిచామా?"

"ఓడిపోయాం పిన్నీ."

"అయ్యో. మనమెవరం ఇవాళ?"

"పసుపువాళ్ళం. ఇంకాసేపట్లో చీపురువాళ్ళం. పద."

*

గది దగ్గరకొచ్చేసరికి లోపల్నుంచి నవ్వు వినబడింది. పనివాళ్ళ క్వార్టర్స్ అంటే రేకుల కప్పుతో వరసగా వేసిన ఒంటి గదులు. గడప దాటితే మంచం, మంచం దాటితే పొయ్యి, పొయ్యి దాటితే గోడ. మంచం మీద ఆమె మొగుడు ఫోను చేత్తో పట్టుకుని పొట్ట కదిలిపోయేలా నవ్వుతున్నాడు. కాలు కదలకూడదు గనక నవ్వు నడుము దాకానే వచ్చి ఆగుతోంది.

"వచ్చావా పసుపు దేశమా," అన్నాడు. "ముందు లేచింది నువ్వే. నీ వెనక మొత్తం మంద. కామెంటరీ వాడికి మాట పడిపోయింది."

"మాట పడిపోతే ఇంకేం చెప్పాడు?"

"'ఈ అభిమానుల క్రీడాస్ఫూర్తికి జోహార్లు, ప్రత్యర్థి గోల్‌ని కూడా ఇంత మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నారు' అన్నాడు. మన భాషలోనే చెప్పాడు."

అప్పుడు ఆమెకీ నవ్వొచ్చింది. అతను మంచం పట్టాక ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు. మంచం అంచున కూర్చుంటే అతను రెండు గ్లాసులు అటూ ఇటూ పెట్టి, ఉల్లిపాయని బంతి చేసి ఆట మొత్తం నేర్పాడు. ఏది గోల్, ఏది ఫౌల్, సగం ఆటకి పక్కలు ఎందుకు మారతాయి.

"ఎండ కళ్ళలో కొట్టినా, గాలి ఎదురైనా, కష్టం ఇద్దరికీ సమానంగా ఉండాలని."

"మరి మనకెప్పుడంట హాఫ్‌టైమ్? పుట్టినకాణ్ణుంచీ ఎండ వైపే ఆడుతున్నాం."

అతను ఉల్లిపాయ ఇచ్చేశాడు. వంటకి అది ఒక్కటే ఉంది.

అతను వెల్డరు. ఆ స్టేడియం పైకప్పు మీద, కొంగ రెక్కలా వంగిన ఇనప బద్దెల్ని ఒకదానికొకటి అతికించిన చేతులు అతనివి. కింద గట్టి వల కట్టి ఉండేది, ఎవరైనా జారితే పట్టుకోవడానికి. టోర్నమెంటు దగ్గరపడ్డాక పెద్దలు చూడ్డానికొస్తారనీ, ఫోటోల్లో ఆ వల అసహ్యంగా కనబడుతుందనీ దాన్ని విప్పించేశారు. ఆ పెద్దలు వచ్చి, బాగుందని, వెళ్ళిపోయారు. వలని మళ్ళీ కట్టలేదు. అతను మర్నాడు పడ్డాడు, పై వరస కుర్చీల మీద. తుంటి, తొడ ఎముక విరిగాయి.

అంబులెన్సు వస్తే గేటు దగ్గర ప్రమాదం లెక్కలోకి వస్తుంది. అందుకని రాలేదు. మైదానంలో పరచడానికి గడ్డి చుట్టలు తెచ్చిన బండి ఒకటి దించుతూ ఉంటే, మిగిలిన చుట్టల మీద అతన్ని పడుకోబెట్టి పంపించారు. "అంతంత పెద్ద ఆటగాళ్ళకన్నా ముందు ఆ గడ్డి మీద పడుకుంది నేనే," అంటుంటాడు అతను. మొదట్లో ఈ హాస్యానికి ఆమె ఏడ్చేది. తర్వాత అలవాటైపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు ఎదుట కంపెనీ మనిషి ఆమెని అడిగాడు. "క్వార్టర్స్ మెట్ల మీంచి జారాడు కదమ్మా?" చాలా మెత్తగా అడిగాడు. స్ట్రెచరు మీద మనిషి మూలుగుతున్నాడు. కంపెనీ ఊఁ అంటే తప్ప లోపలికి తీసుకెళ్ళరని అప్పటికే ఆమెకి అర్థమైంది. "మెట్లేనండీ," అంది.

తిరిగొచ్చాక గమనించింది. గమనించడానికి పెద్దగా ఏమీ లేదు. క్వార్టర్స్‌కి ఒక్క మెట్టు కూడా లేదు. నేలకీ గదికీ మధ్య ఉన్నది గడప, అది కూడా అరిగిపోయింది.

ఆ మాట మిగతా ఆడవాళ్ళకీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఎవరైనా కాస్త ఆలస్యంగా పనికొస్తే మాత్రం మైకు అడుగుతుంది, "ఏం, లిఫ్టు రాలేదా మీ మేడకి?" అని.

కంపెనీ మొదటి ఆపరేషను చేయించింది. రెండోది మిగిలి ఉంది, టోర్నమెంటు అయ్యాక చేయిస్తారు. అది అయితే అతను నడుస్తాడు. కాకపోతే మంచమే. వీటన్నిటికీ కంపెనీవాళ్ళు వాడే మాట "దయ". బాధ్యత అనే మాట వాళ్ళ నోట ఎప్పుడూ రాలేదు, పొరపాటున కూడా.

*

టోర్నమెంటు ముందుకు సాగింది. వాళ్ళు ఎరుపు దేశస్థులయ్యారు, తెలుపు దేశస్థులయ్యారు, ఒకసారి చొక్కాలు తక్కువై సగంమంది గెలిచే దేశం, సగంమంది ఓడే దేశం అయ్యారు. కెప్టెన్‌కి ఇప్పుడు ఆట తెలుసు. సగం అయ్యాక పక్కలు మారాయని వెనక్కి తిరిగి చెప్పేది, "ఇప్పట్నుంచి కుడి," అని.

క్వార్టర్‌ఫైనల్లో గొడవ జరిగింది. వీళ్ళని లేపడానికి ఈల సారు ఒక ఈల వేశాడు. మైదానంలో తెల్లచొక్కా ఆటగాడొకడు అది రిఫరీ ఈల అనుకుని బంతి మీంచి కాలు తీసేసి నిలబడిపోయాడు. ఎదుటివాడు అదే బంతి తీసుకెళ్ళి గోల్ కొట్టాడు. ఆ ఒక్క గోల్‌తో తెల్లచొక్కాలవాళ్ళు ఇంటికెళ్ళిపోయారు. వాళ్ళ దేశంలో మంత్రులు ప్రకటనలిచ్చారట, పేపర్లు రాశాయట, మళ్ళీ ఆడించమని అప్పీలు పెట్టారట. ఫలితం మారదని కమిటీ చెప్పేసింది. ఈల ఎవరు వేశారో మాత్రం తేలలేదు. విచారణకొచ్చినవాళ్ళు ఇటు వస్తుంటే ఈల సారు మెడలోని తాడు తీసి కునుకు పిన్ని జ్యూసు పొట్లంలో పడేశాడు. ఆవిడ నిద్రలో దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది.

అప్పట్నుంచి ఈల పోయి జేబురుమాలు వచ్చింది, నారింజ రంగుది. ఎత్తితే లేవాలి, ఊపితే చప్పట్లు. ఈల పోయినా ఈల సారు పేరు అలాగే ఉండిపోయింది.

ఇన్ని చప్పట్లలోనూ కెప్టెన్ ఇష్టంగా కొట్టే చప్పట్లు ఒక్కటే. ప్రతి ఆట ముందూ రెండు దేశాల పాటలూ అయ్యాక ఒక గంభీరమైన గొంతు స్పీకర్లలో ఏదో చెప్పేది. ఏ భాషో వీళ్ళకి తెలీదు. అతిథులకి స్వాగతం చెబుతున్నారని ఈల సారు అన్నాడు. అప్పుడు పెద్ద తెర మీద స్టేడియం పైకప్పు కనబడేది, ఆకాశంలోంచి తీసింది. తెల్లటి రెక్క విప్పుకుని కూర్చున్న కొంగలా ఉండేది. ఈలో, రుమాలో సంకేతం వచ్చేది. కెప్టెన్ అందరికంటే ముందు లేచి, చేతులు ఎర్రబడేదాకా కొట్టేది. మా ఆయన అతికించిన కప్పు అది, ప్రపంచమంతా లేచి నిలబడి మెచ్చుకుంటోంది అనుకునేది. ఆ మొహంలో ఏదో ఉండబట్టే కాబోలు కెమెరా ప్రతిసారీ ఆమె మీదకే వచ్చేది.

*

సెమీఫైనల్ అయ్యాక సాయంత్రం ఇంటికొస్తే మొగుడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"ఏమైనా తిన్నావా?"

"తిన్నా."

గిన్నెలో ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆమె దుప్పటి సర్ది, పక్కన కూర్చుంది. మామూలుగా ఈ పాటికి గ్లాసులు పెట్టి ఏ గోల్ ఎలా పడిందో చెబుతుండాలి అతను.

"ఏమైందయ్యా? చెప్పు."

"ఏం లేదు. నా కాలు విరగనందుకు బాగానే కొట్టావ్ చప్పట్లు."

ఆమెకి అర్థం కాలేదు. అతను ఇటు తిరక్కుండానే చెప్పాడు. ఫోనులో డేటా అయిపోతుందని ఎప్పుడూ ఆట మొదలయ్యాకే పెట్టేవాడు. సెమీఫైనల్ కదా అని ఇవాళ ముందునుంచీ పెట్టాడు. ఆ గంభీరమైన గొంతు చెప్పినదాన్ని కామెంటరీ ఆయన మన భాషలో తిప్పి చెప్పాడు. ఒక్క ప్రమాదం కూడా లేకుండా, ఒక్క పనివాడికి చిన్న దెబ్బైనా తగలకుండా కట్టిన స్టేడియం ఇది, ఇంత పెద్ద టోర్నమెంటుకి ఇది రికార్డు, చూడండి ప్రేక్షకులు ఆనందం పట్టలేక లేచి నిలబడి ఎలా అభినందిస్తున్నారో అని. అప్పుడు తెర నిండా ఆమె మొహం వచ్చింది.

"అంత సంతోషంగా మన పెళ్ళిలో కూడా లేవు," అన్నాడు అతను.

ఆమె తన చేతులు చూసుకుంది. అరచేతులు ఇంకా కాస్త ఎర్రగానే ఉన్నాయి. మొదటి ఆట నుంచీ కొడుతోంది. పడ్డ గోల్‌కీపర్ తలెత్తి చూసిన చూపు గుర్తొచ్చింది. ఆ చూపుతోనే ఈ మంచం మీంచి ఈ మనిషి తనని చూసి ఉంటాడు.

"కప్పుని మెచ్చుకుంటున్నారనుకున్నా," అంది. "నువ్వు కట్టిన కప్పు కదా అని."

అతను ఇటు తిరిగాడు. తిరగడానికి కాస్త సమయం పట్టింది, కాలు చేత్తో పట్టుకుని తిప్పుకోవాలి గనక.

"తెలుసులే. తెలీక కొట్టావని నాకు తెలీదా."

"ఫైనల్లో కొట్టను."

"పిచ్చా నీకు? వచ్చేవారం ఆపరేషను. కొట్టేసి రా. చప్పట్లేగా, చేతులేం అరిగిపోతాయి? పడింది నేనని నాకు తెలుసు, నీకు తెలుసు. లోకానికి తెలిస్తే ఎముక అతుక్కుంటుందా?"

"ఇప్పటిదాకా తెలీక కొట్టాను. ఇక తెలిసి కొట్టాలి. రెండూ ఒకటేనా?"

అతను కప్పు రేకులకేసి చూశాడు. "ఒకటి కాదు," అన్నాడు చివరికి. "కానీ నాకు నడవాలనుందే."

ఆమె లేచి గిన్నె వేడి చేసి తెచ్చింది. ఈసారి తిన్నాడు.

*

ఫైనల్ రోజు పొద్దున బ్లాకు మెట్లు కడుగుతున్నారు. కెప్టెన్ బకెట్టు దించి, మైకుకీ కునుకు పిన్నికీ సంగతంతా చెప్పింది. కునుకు పిన్ని ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

"అంటే, ఎవరూ పడలేదని చెబుతుంటే మనం చప్పట్లు కొడుతున్నామా ఇన్నాళ్ళూ?"

"అవును పిన్నీ."

"నేను నిద్రలో కొట్టాను. నాది లెక్కలోకి రాదు," అందావిడ. చీపురుతో మెట్టు మూల గీకుతూ మళ్ళీ అంది. "మా వరసలో రెండో గదివాడు చెయ్యి పోగొట్టుకుని ఊరెళ్ళిపోయాడు. వాడూ మెట్ల మీంచే జారాడన్నారు. ఎన్ని మెట్లున్నాయో మనకి, కనబడకుండా."

మైకు నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. ఆమె చరిత్రలో అది అరుదు.

"బంతి పడ్డానికి రెండు పక్కలా వల కట్టారు," అంది కెప్టెన్. "ఆట లేని రోజు కూడా విప్పరు. చూశారా ఎప్పుడైనా?" బ్రష్షు తీసుకుని మళ్ళీ మెట్టు రుద్దసాగింది. "ఇవాళ నేను లేవను. మీరు నన్ను చూడకండి. రుమాలు చూసి లేవండి. మీ ఉద్యోగాలు మీవి."

 ఇద్దరికీ మాట్లాడే వ్యవధి లేకపోయింది, ఈల సారు కొత్త బట్టల్లో మెట్లు దిగి వస్తున్నాడు.

"కెప్టెన్, ఇవాళ చాలా ముఖ్యం," అన్నాడు. "మన కంపెనీ పెద్దసారు స్వయంగా మైదానంలోకి వచ్చి ఆ రికార్డు తాలూకు ఫలకం అందుకుంటారు. ఆయన్ని చూపించగానే కెమెరా నీ మీదకొస్తుంది. టీవీవాళ్ళే అడిగారట, ఆ పొడుగావిడ ఉంటుంది కదా అని. బాగా నవ్వుతూ కొట్టు."

"అది దేని రికార్డు సార్?"

అతను కొంచెం తడబడ్డాడు. చెడ్డవాడు కాదు. పిల్లల ఫీజుల గురించి దిగులుపడే మనిషే. "ఏదో కట్టడానికి సంబంధించింది. నీకెందుకు?" అని, గొంతు తగ్గించాడు. "మీ ఆయన ఆపరేషను గురించి పెద్దసారు అడిగారు. వచ్చేవారమే కదా అన్నారు. గుర్తుపెట్టుకున్నారు పాపం, అంత బిజీలో."

"చాలా దయ సార్," అంది ఆమె.

అతను వెళ్ళాక బకెట్టులో నీళ్ళు మొత్తం ఒకేసారి మెట్ల మీద కుమ్మరించింది. నీళ్ళు ఒక్కో మెట్టే దిగుతూ కింది కంచె దాకా పోయాయి.

*

ఆ మధ్యాహ్నం వాళ్ళు ఆకుపచ్చ దేశస్థులు. ఎండ సరిగ్గా కళ్ళలో కొడుతోంది. చొక్కా కింద యూనిఫాం జేబులో ఫోను పెట్టుకుంది కెప్టెన్. ఆ జేబు తొడ దగ్గర ఉంటుంది, చొక్కా పైకెత్తి లేచి నిలబడితే తప్ప చెయ్యి దూరదు. పొద్దున వచ్చేటప్పుడు మొగుడిని అడిగింది, "చూస్తావా?" అని. "చూడక, ఫైనల్ కదా," అన్నాడు. 

ఒక దేశం పాట అయింది. రెండో దేశం పాట అయింది. గంభీరమైన గొంతు మొదలైంది. తెర మీద తెల్లకొంగ రెక్క విప్పింది. అంత అందంగా ఉంటుందని కింద నిలబడి చూసిన ఎవరికీ తెలీదు. పైనుంచి పడ్డవాడికి తెలుసేమో.

మైదానంలో ఎర్ర తివాచీ మీద పెద్దసారు వంగి ఫలకం అందుకున్నాడు. నడవ చివర్లో నారింజ రంగు రుమాలు లేచింది.

కెప్టెన్ చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఒక చేతిని ఇంకో చెయ్యి పట్టుకుని ఉంది, పిల్లల్ని పట్టుకున్నట్టు.

రుమాలు ఊగింది. చుట్టూ ఉన్న బ్లాకులన్నీ, టిక్కెట్టు కొన్నవాళ్ళతో సహా, లేచి చప్పట్లు కొడుతున్నాయి. ఆ హోరులో వెనక్కి తిరగాలని ఆమెకి అనిపించింది. తిరిగితే చూడమన్నట్టవుతుంది. తిరగలేదు. కానీ వెనకనుంచి కుర్చీలు చప్పుడు చేయలేదు. అందరూ లేస్తే కుర్చీలు చేసే చప్పుడు ఆమెకి బాగా తెలుసు. అది రాలేదు.

తెర మీద పెద్దసారు నవ్వు పోయి, ఆమె మొహం వచ్చింది. ఇల్లంత మొహం. చెమట, నుదుటి ముడత, కళ్ళ కింద నలుపు, అన్నీ కనబడుతున్నాయి. వెనక వరస వెంబడి వరస కూర్చున్న ఆకుపచ్చ చొక్కాలు. కునుకు పిన్ని కళ్ళు ఎన్నడూ లేనంత పెద్దవిగా తెరుచుకుని ఉన్నాయి. కెప్టెన్ కెమెరాకేసి తిన్నగా చూసింది. ఆ గాజు కన్ను అవతల ఎవరెవరున్నారో ఆమెకి తెలీదు. మంచం మీద ఒకడున్నాడని మాత్రం తెలుసు.

ఈల సారు నడుము వంచుకుని మెట్ల వెంట పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? లే, లే. లోకమంతా చూస్తోంది."

"లేవలేను సార్."

"ఏం?"

"కాలు బెణికింది."

"ఎప్పుడు? పొద్దున బాగానే ఉన్నావుగా. ఎక్కడ బెణికింది?"

"క్వార్టర్స్‌లో సార్. మెట్ల మీంచి జారాను."

"క్వార్టర్స్‌లో మెట్లెక్కడ ఏడిశాయి?" అనేశాడు ఈల సారు.

అన్న మరుక్షణం నోరు మూసుకున్నాడు. మూసుకోవడం ఆలస్యమైంది. మైకు అప్పటికే వెనక్కి తిరిగింది. గుసగుసగానే చెప్పింది, తన పద్ధతిలో.

"క్వార్టర్స్‌లో మెట్లు లేవంట. సారే చెప్పారు."

"ఏంటంట?" అంది రెండో వరస.

"మెట్లు లేవంట."

"మెట్లు లేవంట," అంది మూడో వరస నాలుగో వరసతో. మాట ఒక్కో మెట్టే ఎక్కుతూ పైకి పోయింది.

"మీరైనా లేవండమ్మా," అన్నాడు ఈల సారు, కునుకు పిన్ని వైపు తిరిగి. రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. దాన్ని చూసి కూడా వెనక ఎవరూ లేవలేదు. "పెద్దదానివి, నువ్వైనా చెప్పు."

"మేం ఈవిడ్ని చూడాలి బాబూ. ఈవిడ కూర్చుంటే కూర్చోవాలి," అందావిడ ఎంతో వినయంగా. "సొంత తెలివి వద్దన్నావుగా."

అవతలి చివర జనంలో హుషారు పుట్టింది. ఒక బ్లాకు లేచి చేతులెత్తి కూర్చుంది, దాని పక్క బ్లాకు లేచింది, దాని పక్కది. కెరటం స్టేడియాన్ని చుట్టుకుంటూ బయల్దేరింది. గోల్ వెనకాల మలుపు తిరిగింది, టిక్కెట్టు బాగా ఖరీదున్న కుర్చీల మీదుగా వచ్చింది, పక్క బ్లాకులో చేతులు లేచాయి, ఇక వీళ్ళ వంతు.

సరిగ్గా అప్పుడే కెప్టెన్ తొడ దగ్గర ఫోను మోగడం మొదలుపెట్టింది. ఇంటి నుంచి మొగుడో, ఆపరేషను సంగతి చెప్పడానికి ఆస్పత్రివాళ్ళో. జేబులోంచి తీయాలంటే లేచి నిలబడాలి.

ఫోను మోగుతూనే ఉంది. ఆమె లేవలేదు.